ఊరి మాటలు సేకరిస్తే నేలకు, నీటికి, విత్తనానికి ఏం మేలు? తరచుగా అడిగే ప్రశ్నలు

భాషాశాస్త్రం చదివే విద్యార్థులు, పల్లెల్లో పనిచేసే కార్యకర్తలు, స్కూల్ టీచర్లు మమ్మల్ని మళ్లీ మళ్లీ అడిగే సందేహాలివి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. వరసగా చదవాలనేం లేదు.

## మొదలుపెట్టక ముందు

భాష చదువుకున్నవాళ్లకి పర్యావరణంతో ఏం పని?

సాగు, నీరు, అడవి, చేపల వేట గురించి మన జనానికి తెలిసినదాంట్లో చాలా భాగం కాగితం మీద లేదు, నోటి మాటలో ఉంది. ఏ నేలకి ఏ విత్తనం, చెరువు నిండితే నీళ్లు ఎటు పోవాలి, ఏ ఆకు పశువు నోటికి తగలకూడదు లాంటివన్నీ పెద్దవాళ్లు చేను గట్టు మీద పిల్లలకి చెప్పుకుంటూ వచ్చారు. ఆ మాటల్ని శ్రద్ధగా విని, రాసి, పక్క ఊరి మాటతో పోల్చి, అర్థం తేల్చడం భాష చదివినవాళ్లకి వచ్చిన విద్య. వ్యవసాయ శాస్త్రవేత్త మట్టిని పరీక్షిస్తారు, ఇంజినీరు చెరువు కట్టను చూస్తారు. రైతు అన్న మాట వాళ్లిద్దరికీ అదే అర్థంతో చేరిందా లేదా చూడాల్సింది మనం. ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో భాషకంటూ విడిగా ఒక లక్ష్యం లేదు. కానీ ఆకలి, నీరు, చదువు, వాతావరణం, వీటిలో ఏ పని ఊళ్లోకి రావాలన్నా ఊరివాళ్ల మాటలోనే రావాలి.

ఒక మాట పోతే ఏమవుతుంది? దాని బదులు ఇంకో మాట వస్తుంది కదా?

కొన్నిసార్లు నిజంగానే ఏమీ కాదు. పాత్ర మారితే పేరు మారుతుంది, దానికి బాధపడక్కర్లేదు. కానీ కొన్ని మాటల వెనక ఒక పనితనం ఉంటుంది.

సీమలో రైతులు "అదను, పదును" అంటారు. అదను విత్తే వేళ. పదును అంటే విత్తు మొలవడానికి నేలలో ఉండాల్సిన తడి. వాన వెలిసిన మర్నాడు రైతు చేలోకి వెళ్లి పైమట్టి తోసేసి, కాస్త లోతు నుంచి పిడికెడు మట్టి తీసి నొక్కి చూస్తాడు. ముద్ద కట్టాలి, కానీ బంకలా చేతికి అంటుకోకూడదు, వేలితో తడితే విడిపోవాలి. ఎర్రనేలలో ఒకలా ఉంటుంది, నల్లరేగడిలో ఇంకోలా ఉంటుంది. రెండు రోజులు ఆగితే చాలు, ఎర్రనేల ఆరిపోతుంది. వాన ఎంత పడిందో మిల్లీమీటర్లలో చెబితే ఈ తేడాలు అందులో రావు. ఒకే వాన పక్కపక్క చేలకి ఒకదానికి పదును అవుతుంది, ఇంకోదానికి కాదు.

ఈ మాట వాడే ఇంట్లో పిల్లాడికి మట్టి పట్టి చూడటం కూడా అలవాటవుతుంది. "వాన పడింది, విత్తేద్దాం" అనే మాట ఒక్కటే మిగిలిన ఇంట్లో విత్తనం ఖర్చు రెండోసారి పెట్టాల్సి రావచ్చు. మాట, పని దాదాపు ఎప్పుడూ కలిసే పోతాయి. అందుకే మాట రాసుకునేటప్పుడు పని కూడా రాసుకోమని అడుగుతాం.

ఇలాంటి పని ఇంతకుముందు ఎవరైనా చేశారా?

చేశారు, అదీ మన దగ్గరే. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో ఊరూరా తిరిగి సేకరించిన వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటాన్ని ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వేసింది. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. పండితుల రాతల్లో కాకుండా పనివాళ్ల నోట్లో ఉన్న తెలుగును ఇంత పద్ధతిగా పోగుచేయడం అప్పటికి చాలా పెద్ద సంగతి. వ్యవసాయ సంపుటంలో ఉన్న మోట, కపిల (ఎద్దులతో బావి నీళ్లు తోడటం) పదాలు ఇవాళ చాలా ఊళ్లలో వినపడవు. బావులకి కరెంటు మోటార్లు వచ్చాక ఆ పనే ఆగిపోయింది. అప్పుడు రాసి పెట్టారు కాబట్టే మనకి తెలుస్తున్నాయి.

అంతకుముందు గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉంటూ ఆదివాసీల సవర భాష నేర్చుకున్నారు, సవర పిల్లల కోసం బడులు పెట్టారు, 1931లో ఆ భాషకి వ్యాకరణం వెలువరించారు. వ్యావహారిక భాషా ఉద్యమం వల్లే ఆయన పేరు మనకి ఎక్కువ తెలుసు. సవర కోసం చేసిన ఈ పని కూడా అంతే గొప్పదని మా అభిప్రాయం.

పాత మాటల చరిత్ర తవ్వితే రేపటి పంటకి ఏం ఒరుగుతుంది?

ఎండని, కరువుని తట్టుకుని ఈ నేల మీద ఏ పంటలు ఎంతకాలం నిలిచాయో తెలుస్తుంది. ద్రావిడ భాషల్లో పంటల పేర్లను పోల్చి, ఏ పేర్లు చాలా పాతవో భాషా చరిత్రకారులు అంచనా వేస్తారు. బళ్లారి పక్కన సంగనకల్లు లాంటి చోట్ల పురావస్తు శాస్త్రవేత్తలకి మాడిన గింజలు దొరికాయి. దక్షిణాది కొత్తరాతియుగపు ఊళ్లలో ఉలవ, పెసర, అండుకొర్ర ముఖ్యమైన తిండి అని ఆ గింజలు చెబుతున్నాయి. ఇవాళ సూపర్‌మార్కెట్లో కొత్త సరుకులా కనపడే అండుకొర్రలు ఈ పీఠభూమిలో నాలుగు వేల ఏళ్లకి పైబడిన తిండి. తక్కువ నీటితో బతికే పంట కోసం వెతికేవాళ్లకి ఇది చాలా విలువైన సమాచారం.

శాసనాలు కూడా అంతే. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. మంచి చెరువుకి ఉండాల్సిన 12 అంగాలు, రాకూడని 6 దోషాలు అందులో రాసి ఉన్నాయి. దాన్ని చదివి అర్థం చెప్పడానికి భాష తెలిసినవాళ్లు కావాలి, అది నిజమో కాదో కట్ట మీద నిలబడి చూడటానికి ఇంజినీరు కావాలి.

నాకు భాషాశాస్త్రం డిగ్రీ లేదు. చేయొచ్చా?

నిక్షేపంగా. ఓపిగ్గా వినడం, విన్నది మార్చకుండా రాయడం వస్తే మొదలుపెట్టొచ్చు. ఉచ్చారణ, మాటల పుట్టుక లాంటివి తర్వాత తెలిసినవాళ్లతో చూపించుకోవచ్చు.

## ఊళ్లోకి వెళ్లాక

ఎవర్ని అడగాలి? సర్పంచ్‌ని అడిగితే సరిపోతుందా?

సర్పంచ్ దగ్గర అనుమతి తీసుకోండి, మర్యాద. మాటలు మాత్రం పని చేసేవాళ్ల దగ్గర ఉంటాయి. విత్తనం దాచే పని ఎక్కువగా ఆడవాళ్లది, కాబట్టి విత్తనాల మాటలు వాళ్లనే అడగాలి. చెరువు నీళ్లు ఎవరి మడికి ఎంత వదలాలో చూసే నీరటి, గొర్రెలు కాసే కురుమ, వల వేసే బెస్త, కల్లు గీసే గౌడ్, కూలికి వెళ్లే దళిత మహిళలు, వీళ్లలో ఒక్కొక్కరికి తెలిసింది ఇంకొకరికి తెలియదు. భూమి ఉన్న మగవాళ్లతో మాత్రమే మాట్లాడి తెచ్చిన జాబితాలో సగం ఊరు ఉండదు. ఇది మేం గట్టిగా పట్టుబట్టే విషయం.

జహీరాబాద్ దగ్గర మాచునూరులో 2008లో మొదలైన "సంఘం రేడియో" అనే కమ్యూనిటీ రేడియోని దళిత మహిళలే నడిపించారు. విత్తనాలు, పాత పంటల గురించి వాళ్ల మాటలోనే మైకు ముందు మాట్లాడారు. ఎవర్ని అడగాలన్న ప్రశ్నకి అంతకన్నా మంచి జవాబు మాకు కనపడదు.

"మాకేం తెలుసు సారూ, మీరు చదువుకున్నోళ్లు" అంటున్నారు. ఎలా మాట్లాడించాలి?

కూర్చోబెట్టి "దీన్ని ఏమంటారు?" అని ఒకదాని తర్వాత ఒకటి అడిగితే ఎవరికైనా పరీక్ష రాస్తున్న టెన్షన్ వస్తుంది. వాళ్లు పని చేస్తున్న చోటికి వెళ్లండి. "అవ్వా, ఈ ఇత్తనం ఎట్ల దాస్తవే?" అని అడిగి, ఆమె చేతుల వైపు చూడండి. గింజలు ఎండబెట్టి, బూడిద కలిపి, వేపాకు వేసి, కుండ మూతికి మట్టి మెత్తుతూ ఆమె తన మాటల్లో చెప్పుకుపోతుంది. ఏ గింజ తీసి పక్కన పెట్టిందో, ఎందుకు పెట్టిందో అడగండి. పనికిరాని గింజలకి కూడా పేర్లుంటాయి. ఆ పేర్లు ప్రశ్నల పట్టిక పట్టుకుని వెళ్లినవాళ్లకి దొరకవు. నాట్లప్పుడు నాట్ల మాటలు, కోతలప్పుడు కోత మాటలు అడగండి. పని తొందరలో ఉంటే మాత్రం ఆపొద్దు, ఆ పూట కూలి పోతుంది.

ఏయే విషయాలు అడగాలి?

నేలతో మొదలుపెట్టండి: రేగడి, చల్క, దుబ్బ, చౌడు, గరప, ఒండ్రు. ఒక్కో నేల ఎలా ఉంటుంది, ఏం పండుతుంది, ఎప్పుడు దున్నాలి అని. తర్వాత నీరు: వాగు, వంక, ఒర్రె, గెడ్డ, చెలమ, ఊట, కుంట. వీటిలో మీ ఊళ్లో ఏవి వాడుకలో ఉన్నాయి, ఏవి ఎండాకాలంలో కూడా పారతాయి, ఏవి పేరుకే మిగిలాయి. ధాన్యం దాచే గాదె, గరిసె, గుమ్మి, పాతర. కలుపు మొక్కలు, అందులో కూరకి పనికొచ్చేవి. పిట్టలు, పురుగులు. పశువుల జబ్బులు. అన్నీ ఒకేసారి పెట్టుకోవద్దు. ఒక్క విషయం పట్టుకుని లోతుగా వెళ్తే పని నిలుస్తుంది.

ఒకే ధాన్యానికి ఊరికో పేరు చెప్తున్నారు. ఏది రైటు?

అన్నీ రైటే. రాగుల్ని తెలంగాణలో తైదలు అంటారు, ఉత్తరాంధ్రలో చోళ్లు అంటారు. సజ్జల్నే కొన్ని జిల్లాల్లో గంటెలు అంటారు. ఇబ్బంది ఎక్కడంటే లెక్కలు రాసేటప్పుడు. తైదలు, చోళ్లు వేర్వేరు పంటలనుకుని రెండు వరసలు రాస్తే లేని వైవిధ్యం ఉన్నట్టు కనపడుతుంది. దానికి ఉల్టాగా కూడా జరుగుతుంది, అది ఇంకా నష్టం. చిరుధాన్యాలన్నిటికీ "మిల్లెట్స్" అని ఒకే పేరు పెడితే కొర్ర, సామ, అరికె, ఊద, వరిగ అన్నీ ఒకటే అయిపోతాయి. వీటి పంటకాలం వేరు, తట్టుకునే నేల వేరు, వండే పద్ధతి వేరు. 2023ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపినప్పుడు ప్రచారం బాగా జరిగింది, మంచిదే. దాంతోపాటు ఈ పేర్లన్నీ విడివిడిగా జనం నోట్లో నానాలని మా కోరిక.

చేయాల్సింది ఇది: గింజ, కంకి, మొక్క మూడూ ఫోటో తీయండి. ఊరి పేరు విన్నట్టే రాయండి. శాస్త్రీయ నామం మీరు ఊహించి రాయొద్దు, దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలోనో, వృక్షశాస్త్రం టీచర్‌తోనో నిర్ధారించుకోండి.

యాస మాటల్ని ఎలా రాయాలి? సరిచేసి రాయాలా?

విన్నది విన్నట్టే. ఒకరు నీరటి అంటే నీరటి, ఇంకొకరు నీరడి అంటే నీరడి, నీరుగంటి అంటే నీరుగంటి. సరిచేస్తే ఆ మాట ఎక్కడిదో చెప్పే ఆనవాలు పోతుంది. ఆడియో కూడా ఉంటే తర్వాత ఎవరైనా సరిచూసుకోవచ్చు.

కార్తెలు, సామెతలు రాసుకోవాలా? ఇప్పుడు వానలు అలా పడట్లేదు కదా?

తప్పకుండా రాసుకోవాలి, పడట్లేదు కాబట్టే ఇంకా. సూర్యుడు 27 నక్షత్రాల్లో ఒక్కోదాంట్లో ఉండే 13, 14 రోజుల్ని కార్తె అంటాం. "రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి", "ఉత్తర చూసి ఎత్తర గంప" లాంటి సామెతలు ఒకప్పుడు జనం ఏ రోజుల్లో ఏ ఎండని, ఏ వానని ఆశించేవారో చెబుతాయి. సెప్టెంబరు నడుమ ఉత్తర కార్తె వచ్చినా వాన లేకపోతే గంప ఎత్తుకుని ఊరు వదలాల్సిందే అని ఆ రెండోదాని అర్థం. అంటే వలస ఎప్పుడు మొదలయ్యేదో కూడా అందులో ఉంది.

సామెత రాసుకున్నాక "ఇది చివరిసారి ఎప్పుడు నిజమైంది?" అని అడగండి. పెద్దవాళ్లు చెప్పే ఏళ్లను మండలం వర్షపాతం లెక్కలతో పోలిస్తే మంచి అధ్యయనం అవుతుంది. ఒక్క మాట మాత్రం మనసులో పెట్టుకోండి: సామెతని చూసి ఈ ఏడాది విత్తమని ఎవరికీ సలహా ఇవ్వొద్దు. దానికి వాతావరణ శాఖ అంచనా ఉంది.

ఆదివాసీ గూడేల్లో తెలుగులో అడిగితే సరిపోదా? వాళ్లకి తెలుగు వచ్చు కదా.

సరిపోదు. అడవి గురించి వాళ్లకి తెలిసింది వాళ్ల భాషలో ఉంది. తెలుగులో అడిగితే సంతలో వాడే నాలుగు పేర్లు చెప్పి ఊరుకుంటారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గోండి మాట్లాడేవాళ్లు దాదాపు 30 లక్షలు, కొలామి మాట్లాడేవాళ్లు సుమారు 1 లక్షా 28 వేలు. ఉత్తరాంధ్ర కొండల్లో సవర, కువి, కొండ, గదబ భాషలున్నాయి. ఆ భాష మాట్లాడే యువకులే ఈ పనికి ముందు నిలబడాలి. మీరు నేర్పగలిగింది రికార్డింగు, రాత పద్ధతి. వాళ్లకి ఇవ్వాల్సింది పేరు, గౌరవ వేతనం రెండూ.

ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల వల్ల గోండికి సొంత లిపి ఉందని లోకానికి తెలిసింది. 2018లో అది యూనికోడ్‌లోకి, అంటే కంప్యూటర్లు, ఫోన్లు అన్నీ గుర్తుపట్టే అక్షరాల ప్రమాణంలోకి వచ్చింది. గోండి పిల్లలు ఇవాళ తమ అడవి పేర్లని తమ లిపిలో ఫోన్‌లో టైప్ చేసుకునే వీలుంది. నల్లమల చెంచుల మాట తెలుగే, కానీ తేనె, దుంపలు, జంతువుల అడుగుల గురించి వాళ్ల తెలుగులో ఉన్నంత వివరం మైదానంలో ఉండదు. తెలుగే కదా అని దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

ఒక పెద్దాయన మందు మొక్కల గురించి చెప్పారు. ఫేస్‌బుక్‌లో పెట్టొచ్చా?

పెట్టొద్దు. ఆయనకి, ఆ ఊరికి ఏది బయట పెట్టడం ఇష్టమో ముందు అడగాలి. మొక్క ఎక్కడుందో ఫోటోతో సహా పెడితే వారంలో వేళ్లతో సహా తవ్వుకుపోయేవాళ్లుంటారు. ఏ జబ్బుకి ఏ కాయ, ఏ వేరు పనిచేస్తుందో రాస్తే, చదివినవాళ్లు వైద్యం లేకుండా వాడేసే ప్రమాదం కూడా ఉంది.

అలాగని అసలు రాయకపోతే ఇంకో నష్టం. గాయం మాన్పడానికి పసుపు వాడటం మీద అమెరికాలో 1995లో ఒక పేటెంట్ ఇచ్చారు. మన సీఎస్ఐఆర్ (శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి) సంస్కృతం, ఉర్దూ, హిందీ రాతల్లోంచి సాక్ష్యాలు చూపించి పోరాడితే 1997లో రద్దయింది. ఆ అనుభవంతోనే 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ లైబ్రరీ మొదలైంది. పాత వైద్య గ్రంథాల్ని చదివి, పేటెంట్ పరీక్షకులకి అర్థమయ్యే భాషల్లోకి అందులో మారుస్తారు. కాబట్టి రాయండి, ఊరి చేతిలో ఉంచండి, బయటికి ఏది వెళ్లాలో ఊరు తేల్చాలి.

## సేకరించాక

దీన్నంతా ఎలా దాచాలి?

ఆడియోకి, ఫోటోకి, మాటకి ఒకే నంబరు ఇవ్వండి. మాట, అర్థం, దాంతో ఒక పూర్తి వాక్యం, ఊరు, మండలం, చెప్పినవారి వృత్తి, వయసు, తేదీ ఉంటే చాలు. యూనికోడ్ తెలుగులోనే టైప్ చేయండి. పాత డీటీపీ ఫాంట్లలో చేసినవి కొన్నేళ్లకి తెరుచుకోవు. ఒక ప్రతి మీ దగ్గర, ఒకటి ఊరి బడిలో, ఒకటి ఇంకెక్కడైనా.

ఎవరికి ఇస్తే ఉపయోగం? లైబ్రరీలో పడుండటమేనా?

మొదటి చిరునామా పంచాయతీలోని జీవవైవిధ్య యాజమాన్య కమిటీ. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి స్థానిక సంస్థకి ఈ కమిటీ ఉండాలి. ఊరివాళ్లని అడిగి ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాల్సింది కూడా ఈ కమిటీయే. అందులో పంట రకాలు, చెట్లు, పశువులు, చేపలకి స్థానిక నామాలు రాయాలి. ఈ రిజిస్టర్లని 2020 జనవరి నెలాఖరుకి పూర్తి చేయాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ గడువు పెట్టింది. గడువు కోసం పరుగులు పెట్టి రాసిన రిజిస్టర్‌లో స్థానిక నామం గడిలో పుస్తకం పేరు ఉండిపోయే అవకాశం ఉంది. మీ ఊరి రిజిస్టర్ ఒకసారి అడిగి చూడండి. మీరు పోగుచేసిన మాటలతో దాన్ని సరిచేయించగలిగితే అంతకన్నా మంచి ఉపయోగం లేదు. తెలుగు విక్షనరీలో కూడా చేర్చవచ్చు, చెప్పినవాళ్లు ఒప్పుకుంటేనే.

చెరువులు బాగుచేసే పనికి ఈ మాటలు ఎలా పనికొస్తాయి?

తెలంగాణలో చెరువులు బాగుచేసే మిషన్ కాకతీయ పథకం 2015లో మొదలైనప్పుడు 46 వేలకి పైగా చెరువులు, కుంటలు లెక్కలో ఉన్నాయి. ఏ చెరువు పని చేపట్టినా అది ఎంతవరకు నిండేది, తూము ఎక్కడ, నీళ్లు ఎటు పొర్లేవి అన్నవి ముందు తేలాలి. పొర్లే చోటుని ఒకచోట మత్తడి అంటారు, ఒకచోట అలుగు, ఇంకోచోట కలుజు. చెరువు నిండితే మునిగే నేల శిఖం. కాగితంలో గీత చెరిగిపోయినా "అది శిఖం భూమి, అక్కడ ఇల్లు కట్టరు" అని చెప్పగల ముసలాయన ఉంటే అది ఒక సాక్ష్యం. అలాంటి మాటని రికార్డు చేసి, పటం మీద గుర్తు పెట్టి ఉంచండి. గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మత్తడి నీళ్లే కింది చెరువుకి ఆధారం. నడుమ దారి మూసుకుపోతే ఒకటి తెగుతుంది, ఒకటి ఎండుతుంది.

చోట్ల పేర్లు కూడా చూడండి. హైదరాబాద్‌లో మాసాబ్ ట్యాంక్ అనే పేరుంది, ట్యాంక్ లేదు. మీ పట్నంలో కుంట, చెరువు, వాగు అని ముగిసే కాలనీ పేర్లన్నీ పటం మీద చుక్కలుగా పెడితే, వరదొచ్చినప్పుడు నీళ్లు ఎక్కడ నిలుస్తాయో చాలావరకు అంచనాకి వస్తుంది.

తుపాను, వడగాడ్పు హెచ్చరికలకి భాషా అధ్యయనం అవసరమా?

ప్రాణాల మీదకొచ్చే సంగతి కాబట్టి ఇంకా ఎక్కువ అవసరం. ఇండోనేషియాలో సిమెలూ అనే దీవి ఉంది. 1907 సునామీ తర్వాత అక్కడివాళ్లు "స్మోంగ్" అనే మాటని జోలపాటల్లో, కథల్లో పిల్లలకి నేర్పుతూ వచ్చారు: భూమి బాగా ఊగి, సముద్రం వెనక్కి పోతే కొండెక్కాలి. 2004లో ఆ మాట కేకేసుకుంటూ పరిగెత్తారు. భూకంప కేంద్రానికి అంత దగ్గరగా ఉన్నా, దాదాపు 78 వేల జనంలో పోయినవాళ్లు ఏడుగురు.

మన కోస్తాకి పోల్చి చూసుకోండి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పది వేల మందికి పైగా పోయారు. ఇవాళ ఉపగ్రహాలున్నాయి, ఫోన్లున్నాయి. అయినా "గంటకు ఇన్ని కిలోమీటర్ల ఈదురుగాలులు" అన్న సందేశం విని, ఎప్పుడు ఇల్లు వదలాలో తేల్చుకోలేని కుటుంబాలు ఉంటాయి. హెచ్చరికని పంపే ముందు పదిమంది మత్స్యకార మహిళలకి చదివి వినిపించి, "ఇది వింటే ఏం చేస్తారమ్మా?" అని అడగాలి. వాళ్ల జవాబుని బట్టి వాక్యం మార్చాలి. భాష చదివినవాళ్లు ఈ పరీక్ష బాగా చేయగలరు.

ఏఐ వచ్చాక ఇదంతా అదే చేస్తుంది కదా?

సాయం చేస్తుంది. 2022లో మొదలైన కేంద్ర ప్రభుత్వ భాషిణి లాంటి వేదికల వల్ల మాటని రాతగా మార్చే సదుపాయం తెలుగుకి కూడా ఉంది. కానీ యంత్రం విన్నదే నేర్చుకుంటుంది. టీవీ తెలుగు విన్న యంత్రానికి "ఒర్రె", "చెలమ" ఎలా తెలుస్తాయి? రైతు ఫోన్‌లో తన యాసలో అడిగినదానికి సరైన జవాబు రావాలంటే ఆ యాసలో, ఆ పనిమాటలతో రికార్డింగులు ముందు ఉండాలి. వాటిని ఊరి అనుమతితో తేవాల్సింది మనుషులే.

బడిలో పిల్లలతో ఏం చేయించొచ్చు?

అమ్మమ్మని, తాతని అడిగి రోజుకో మాట తెమ్మనండి. బొమ్మ వేయించండి. నెలకోసారి ఊళ్లోని ఒకరిని క్లాసుకి పిలిచి వాళ్ల పని వాళ్ల మాటల్లో చెప్పించండి. యాసకి మార్కులు కోయొద్దు.

విదేశాల్లో ఉంటున్నాం. మేం ఏమైనా చేయగలమా?

మీ అమ్మానాన్నలతో వారానికోసారి ఎలాగూ వీడియో కాల్ చేస్తారు. ఒక కాల్ ఊరి చెరువు గురించి, ఒకటి విత్తనాల గురించి, వాళ్లకి చెప్పి రికార్డు చేయండి. ఊరొదిలి ఏళ్లయిన మీ జ్ఞాపకం కూడా పనికొస్తుంది, ఈమధ్య మారిన మాటలు అందులో కలవలేదు కాబట్టి. టైపింగ్, ఆడియో వినడం, పటాల మీద గుర్తులు పెట్టడం లాంటి పనులకి ఇక్కడ ఎప్పుడూ మనుషులు చాలరు.

నిజం చెప్పండి, మాటలు పోగుచేస్తే నేల బాగుపడుతుందా?

అదొక్కటే చేస్తే బాగుపడదు. గిట్టుబాటు ధర లేకపోతే కొర్రల పేర్లు ఎన్ని తెలిసినా రైతు కొర్ర వేయడు. చెరువు ఆక్రమణని ఆపాల్సింది చట్టం, అధికారులు. కానీ ధర వచ్చిన రోజున విత్తనం ఎలా దాచాలో, ఏ చేనికి ఏది సరిపోతుందో చెప్పేవాళ్లు ఊళ్లో మిగిలి ఉండాలి. కోర్టులో శిఖం హద్దు చూపించాల్సి వస్తే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి. జహీరాబాద్ ప్రాంతంలో ఏటా పాత పంటల జాతర బండ్లు ఊరూరా తిరుగుతాయి. బండి మీద విత్తనాలు ఉంటాయి, బండి పక్కన వాటి పేర్లు చెప్పి పాడే ఆడవాళ్లు నడుస్తారు. విత్తనం చేతులు మారుతుంటే దాని పేరు, వాడే పద్ధతి కూడా చేతులు మారుతున్నాయి. మీ ఇంట్లో ఈ రెండోది, అంటే పేరు, పద్ధతి అందుకోవడం, మొదలుపెట్టడానికి ఏ సర్పంచ్ అనుమతీ, ఏ గ్రాంటూ అక్కర్లేదు. ఈ వారం ఇంట్లో పెద్దవాళ్లతో ఒక్క గంట కూర్చుని, ఒక్క పంట గురించి అడగండి.